ఇన్‌కం టాక్స్ పోయి కౌంటర్ టాక్స్ వస్తే

జనవరి నెలాఖరుకి డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితాలు) రావడం మొదలవుతుంది, నా ఫోన్ మోగడమూ మొదలవుతుంది. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో. నేను టాక్స్ రిటర్నులు చేస్తాను, కొన్ని చిన్న కొట్లకి పద్దులు రాస్తాను. క్లయింట్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, ఇన్‌కం టాక్స్ తీసేసి సేల్స్ టాక్స్ పెడతామనే ఆ ఫెయిర్ టాక్స్ బిల్లు పాసైతే ఇక నీకు ఫీజు కట్టే పనే ఉండదంట కదా?" అడిగి నా ముఖంలోకి చూస్తారు, పొట్ట మీద కొడుతుంటే ఇదేమంటుందా అని.

నా పొట్ట సంగతి తర్వాత. ఈ బిల్లు గురించి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే ఒక్కచోట రాసి పడేస్తున్నా. ఇక మీదట అడిగినవాళ్లకి లింకు పంపుతా.

ఈ ఆలోచనకీ మన జార్జియాకీ పాత బంధం ఉంది. 1999లో దీన్ని కాంగ్రెస్‌లో పెట్టిన జాన్ లిండర్ జార్జియా ప్రతినిధే. ఇప్పుడు మోస్తున్న బడ్డీ కార్టర్‌దీ జార్జియానే, సవన్నా వైపు. 2025 జనవరిలో మళ్లీ పెట్టారు, నంబరు హెచ్.ఆర్. 25. అన్నేళ్లుగా పెడుతున్నా సభలో ఓటింగ్ దాకా ఎన్నడూ రాలేదు. 2023లో కొన్ని వారాలు గట్టిగా చప్పుడైంది, తర్వాత చల్లబడింది.

అందులో ఉన్నది ఇది. ఫెడరల్ ఇన్‌కం టాక్స్ రద్దు. కంపెనీల మీద ఉన్నదీ రద్దు. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని కోసే 7.65 శాతమూ రద్దు. ఎస్టేట్ టాక్స్, గిఫ్ట్ టాక్స్ కూడా. పన్ను వసూలు చేసే ఐఆర్ఎస్‌నే ఎత్తేస్తారు. వీటన్నిటి బదులు దేశమంతా ఒకే సేల్స్ టాక్స్, కొత్త వస్తువుల మీదా సేవల మీదా, చివరి కొనుగోలుదారు దగ్గర ఒక్కసారే. పాత వస్తువులకి లేదు. కాలేజీ ఫీజులకి లేదు. డాక్టరుకి ఉంది, ఇంటద్దెకి ఉంది.

రేటు 23 శాతం అంటారు. ఇక్కడే సగం మంది తికమక పడతారు. మన దగ్గర బిస్కెట్ ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ వేసి "అన్ని పన్నులతో కలిపి" అని రాస్తారు కదా, వీళ్ల లెక్క అలాంటిది. వస్తువు ధర 77 డాలర్లు, పన్ను 23, మొత్తం 100. వందలో 23 కాబట్టి 23 శాతం. కానీ అమెరికాలో సేల్స్ టాక్స్ ఎప్పుడూ అసలు ధర మీద చెబుతారు. ఆ లెక్కన 77 మీద 23 అంటే దాదాపు 30 శాతం. ఇది మోసం అని కొందరు అరుస్తారు, నేననను. ఇన్‌కం టాక్స్‌ని మనం చెప్పుకునేది కూడా పన్నుతో కలిపిన మొత్తం మీదే. కాకపోతే ఫోర్సైత్‌లో ఇప్పుడున్న 7 శాతం పక్కన పెట్టి చూడాల్సింది 30నే. రెండూ కలిస్తే 37. ఆ 30తో అయినా ఖజానా నిండుతుందా అన్నది ఇంకో గొడవ. 2005లో అధ్యక్షుడు బుష్ వేసిన పన్ను సంస్కరణల కమిటీకి ట్రెజరీ (ఆర్థిక శాఖ) వేసిచ్చిన అంచనా ప్రకారం, ఒక్క ఇన్‌కం టాక్స్‌ని తీసేసి పేదలకి నగదు ఇవ్వాలంటేనే కనీసం 34 శాతం కావాలి. ఫెయిర్ టాక్స్ జీతంలోంచి కోసే ఆ పేరోల్ టాక్స్‌ని కూడా తీసేస్తానంటోంది.

పేదవాడి మాటేంటి అంటే ప్రీబేట్ చూపిస్తారు. పావర్టీ గైడ్‌లైన్ (ప్రభుత్వం గీసే పేదరికపు గీత) మేరకు అయ్యే ఖర్చుకి పడే పన్నుని ప్రతి కుటుంబానికీ ముందుగానే నెలనెలా ఇచ్చేస్తారు. 2025 గైడ్‌లైన్లో ఒక మనిషికి 15,650 డాలర్లు, ఆపైన తలకి 5,500. భార్యాభర్తలైతే ఇద్దరికీ చెరో 15,650. అంటే ఇద్దరు పిల్లలున్న జంటకి 42,300, అందులో 23 శాతం 9,729. నెలకి 811 డాలర్ల దాకా. ఐడియా బాగానే ఉంది, కాదనను.

ఇక మనవాళ్ల లెక్కలు. పేర్లు చెప్పను, అంకెలు కూడా ఎవరివీ కావు, నేను కల్పించుకున్నవే. కానీ ఇలాంటి ఇళ్లు మన సబ్‌డివిజన్లలో వరసకి నాలుగుంటాయి.

హెచ్-1బి ఉద్యోగ వీసా మీదున్న తమ్ముడు, జీతం 1,30,000. భార్య హెచ్-4, అంటే డిపెండెంట్ వీసా, ఇంకా ఈఏడీ (ఉద్యోగం చేసే అనుమతి) రాలేదు. ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టారు. 2025కి స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోతే టాక్స్ 11,498 వస్తుంది. పిల్లలకి చైల్డ్ క్రెడిట్ 4,400 తీసేస్తే 7,098. జీతంలో కోసిన పేరోల్ టాక్స్ 9,945. రెండూ కలిపి 17,043 ఫెడరల్ ప్రభుత్వానికి పోయింది. ఫెయిర్ టాక్స్‌లో ఈయనకి లక్షా ముప్పై వేలూ చేతికొస్తాయి. అద్దె, కిరాణా, కారు ఇన్సూరెన్సు, పిల్లల డాన్స్ క్లాసు అన్నీ కలిపి పన్ను లేకుండా 60,000 ఖర్చు పెడితే దాని మీద 17,900 పైచిలుకు పన్ను. ప్రీబేట్ పోను దాదాపు 11,800. అంటే ఏడాదికి ఐదు వేల పైచిలుకు మిగులు. ఊళ్లో ప్లాటుకి కట్టే వాయిదాకీ, అమ్మానాన్నలకి పంపే డబ్బుకీ ఇక్కడ పైసా పన్ను లేదు, ఎందుకంటే అది ఇక్కడ ఖర్చు పెట్టింది కాదు.

ప్రీబేట్ దగ్గర ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కుటుంబంలో లెక్కలోకి రావాలంటే ప్రతి మనిషికీ సోషల్ సెక్యూరిటీ నంబరుండాలి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. ఈఏడీ లేని హెచ్-4 అమ్మాయికి ఉండేది ఐటిన్ అనే వట్టి పన్ను నంబరు, నేనే డబ్ల్యూ-7 ఫారం నింపి తెప్పిస్తా. ఆమె వీసా సక్రమం, కాపురం సక్రమం, కొట్టులో ఆమె కొనే ప్రతి వస్తువు మీదా 30 శాతం సక్రమం, ప్రీబేట్‌లో మాత్రం ఆమె లేదు. ఆమె వాటా నెలకి దాదాపు 300 డాలర్లు. పై లెక్కలో నేను తీసేసింది అదే. అయినా ఆ ఇల్లు లాభంలోనే ఉంది చూశారా, అందుకే నన్ను అడిగేవాళ్లంతా ఈ బిల్లు అంటే అంత హుషారుగా ఉంటారు.

ఇప్పుడు రెండో ఇల్లు. అదే కౌంటీ, అద్దె అపార్ట్‌మెంటు. భర్త డెలివరీ వ్యాను నడుపుతాడు, జీతం 40,000. ఇద్దరు పిల్లలు, అందరికీ సోషల్ సెక్యూరిటీ నంబరుంది. ఈయనకి ఇన్‌కం టాక్స్ సున్నా. పైగా ఈఐటీసీ (తక్కువ జీతమున్నవాళ్లకిచ్చే క్రెడిట్), చైల్డ్ క్రెడిట్ కలిసి రిఫండ్ వస్తుంది. జీతంలో కోసిన 3,060 తీసేసినా ప్రభుత్వం నుంచి ఇంటికి సుమారు 5,500 వస్తోంది. ఫెయిర్ టాక్స్‌లో ఆ క్రెడిట్లన్నీ ఇన్‌కం టాక్స్‌తో పాటే పోతాయి. ఈయన సంపాదించిందీ ప్రీబేటూ కలిపి అంతా ఖర్చే, దాచేదేముంది? పన్ను 11,400 దాటుతుంది, ప్రీబేట్ 9,729. అంటే ఇప్పుడు 5,500 తీసుకుంటున్నవాడు రేపు 1,700 ఎదురు కట్టాలి. ఆ ఇంటికి ఏడు వేల తేడా.

"లేదక్కా, ధరలు తగ్గుతాయి, ఇప్పుడు ప్రతి వస్తువు ధరలోనూ కంపెనీలు కట్టే టాక్సులు దాక్కుని ఉన్నాయి" అంటారు. ఉన్నాయి. ఆ దాక్కున్న దాంట్లో పెద్ద ముక్క ఉద్యోగుల జీతం మీద పోయే పన్ను. అది ధరలోంచి తగ్గాలంటే యజమాని ఆ మేర తక్కువ జీతమివ్వాలి, అంటే మనకి ఇప్పుడు చేతికొస్తున్నదే వస్తుంది. అలా కాకుండా జీతమంతా చేతికొస్తే ధర తగ్గడానికి మిగిలేది తక్కువ. జీతం పూర్తిగా రావాలి, ధరా తగ్గాలి అంటే కుదరదు. ఏదో ఒకటి ఎంచుకుని లెక్క చెప్పండి అంటే ఫోన్లో అవతల నిశ్శబ్దం.

రిటైరైన బాబాయిలు ఎవరూ నన్నిది అడగరు. అడగాల్సింది వాళ్లే. ఉద్యోగమున్నన్నాళ్లూ పన్ను కట్టి, కట్టగా మిగిలింది రాత్ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేసుకున్నారు, ఇక దీని మీద పన్నుండదని చట్టం చెప్పింది కాబట్టి. ఇప్పుడు ఆ డబ్బు తీసి మందులు కొంటే 30 శాతం. ఒకే డబ్బుకి రెండుసార్లు. కొత్త ఇల్లు కొనేవాళ్లకీ అంతే. బిల్డరు దగ్గర 6,00,000 ఇల్లు తీసుకుంటే పన్ను దాదాపు 1,80,000, పాత ఇల్లు కొంటే సున్నా. మనవాళ్లు తూర్పు ముఖం ఉన్న రీసేల్ ఇల్లు కోసం ఒకరి మీద ఒకరు ఎంత పాడుకుంటారో ఊహించుకోండి.

ఇవన్నీ న్యాయం, అన్యాయం వాదనలు. రేట్లు మార్చి, ప్రీబేట్ పెంచి ఏదోలా సర్దొచ్చు. నాకు నమ్మకం కలగనిది వేరే చోట, కొట్టు కౌంటర్ దగ్గర. అక్కడే నేను పెరిగాను.

మా నాన్నది తెనాల్లో స్టీలు సామాన్ల కొట్టు. సరుకు మద్రాసు నుంచి వచ్చేది. అప్పట్లో మన రాష్ట్రంలో 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం. చాలా సరుకులకి పన్ను ఒక్కచోటే పడేది, రాష్ట్రంలో మొదట అమ్మినవాడి దగ్గర. ఆ ఒక్క చోటూ తప్పించుకుంటే మొత్తం తప్పినట్టే. అందుకే చెక్‌పోస్టులు, అందుకే రాత్రి లారీలు, అందుకే బజార్లో రోజూ వినపడే మాట "జీరో". జీరో సరుకు, జీరో వ్యాపారం. నాన్న బల్ల మీద రెండు పుస్తకాలుండేవి, ఒకటి పచ్చ అట్ట, ఒకటి అట్ట లేనిది. ఆడపెళ్లివారు సారె సామాన్లకి వస్తే, గంగాళం దగ్గర్నుంచి చెంచాల దాకా అన్నీ ఏరి, తూకం అయ్యాక, బేరమంతా అయ్యాక నాన్న ఆఖర్న మెల్లగా అడిగేవాడు: "బిల్లు రాయమంటారా?" రాయొద్దంటే తగ్గింపు. ఎవరు రాయమంటారు? ఆ అట్టలేని పుస్తకం మీద నన్ను తిట్టకండి. పక్క కొట్టువాడు రాయకుండా అమ్ముతుంటే రాసి అమ్మేవాడి కొట్టుకి ఎవరూ రారు.

2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. నాన్నకి మొదట నచ్చలేదు, ఫారాలు ఎక్కువని. కానీ ఒకటి మారింది. రాష్ట్రంలో కొనేటప్పుడు కట్టిన పన్నుని అమ్మేటప్పుడు వసూలు చేసిన దాంట్లోంచి మినహాయించుకోవాలంటే చేతిలో బిల్లుండాలి. దాంతో "బిల్లు లేకపోతే నాకొద్దు" అని హోల్‌సేలర్‌తో నాన్నే గొడవపడటం మొదలుపెట్టాడు. ప్రభుత్వం పంపిన ఇన్‌స్పెక్టరు చేయలేని పని వ్యాపారి స్వార్థం చేసింది. 2017లో వచ్చిన జీఎస్‌టీ కూడా ఒకరి బిల్లు ఇంకొకరికి తగిలే ఆ గొలుసే, ఇంకా పొడుగ్గా. జీరో వ్యాపారం పోయిందని కాదు, ఇప్పటికీ పేపర్లో వారానికో వార్త. కానీ నష్టం ఎంత అన్నది చూడండి. హోల్‌సేల్లో 100కి వచ్చిన బిందె రిటైల్లో 120కి పోతుంది. గొలుసు పద్ధతిలో చివరి కొట్టువాడు బిల్లు ఎగ్గొడితే ఖజానాకి పోయేది ఆ 20 మీద పన్ను, మిగతా 100 మీద ముందే పడింది. ఫెయిర్ టాక్స్‌లో ముందు ఎక్కడా పన్ను లేదు, అంతా చివరి కొట్టు దగ్గరే. అక్కడ ఎగ్గొడితే 120 మీద మొత్తం హుళక్కి.

ప్రపంచంలో 160కి పైగా దేశాలు వినియోగం మీద పన్ను వేస్తున్నాయి, వేస్తున్నది ఈ గొలుసు పద్ధతిలోనే. 30 శాతం రేటుతో చివరి కౌంటర్ ఒక్కదాని మీదే మొత్తం బరువు పెట్టి దేశం నడుపుతున్నవాళ్లు ఎవరూ లేరు. వాళ్లంతా తెలివితక్కువవాళ్లు కాదు కదా.

ఇక్కడి సంగతే చెబుతా. నేను పద్దులు రాసే ఇండియన్ గ్రోసరీ కొట్టు అన్నయ్య దగ్గర ఒక ఫైలుంటుంది, నిండా ఎస్‌టీ-5 కాగితాలు. జార్జియాలో తిరిగి అమ్మడానికి కొంటున్నాం, పన్ను వేయొద్దు అని కొనేవాడు రాసిచ్చే సర్టిఫికెట్ అది. కేటరింగ్ చేసే అక్కలు పదిహేను బస్తాల సోనా మసూరి, నూనె డబ్బాలు తీసుకుని ఎస్‌టీ-5 ఇచ్చి పోతారు. అందులో ఒక బస్తా వాళ్లింటికి పోతే ఎవరికి తెలుసు? ఇక్కడ బియ్యం మీద రాష్ట్రం 4 శాతం ఎలాగూ లేదు, స్థానిక పన్ను 3 శాతమే. 20 డాలర్ల బస్తాకి అరవై సెంట్లు, దానికోసం ఎవరూ అబద్ధమాడరు. రేపు దానికి ఇంకో ఆరు డాలర్లు తోడైతే? ఫోన్‌కి 300, సోఫాకి 600, డైనింగ్ టేబుల్‌కి ఇంకెంతో. ఎల్ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టడానికి జార్జియాలో అరగంట చాలు. వ్యాపారం కోసం కొంటున్నా అంటే పన్ను లేదని చట్టమే చెబుతుంది కాబట్టి, ఇంటికో ఎల్ఎల్‌సీ వెలుస్తుంది. దాన్ని పట్టుకోవాల్సింది ఎవరు? ఐఆర్ఎస్ లేదు. రాష్ట్రాల పన్ను శాఖలు చూసుకుంటాయంటారు, వసూలైన దాంట్లో పావు శాతం కమిషన్‌కి.

కొట్టు అన్నయ్యకి నేనీ బిల్లు వివరించినప్పుడు ఆయన న్యాయం గురించి అడగలేదు, ఎస్‌టీ-5 గురించీ అడగలేదు. "కార్డు ఫీజు ఎవరిస్తారమ్మా?" అన్నాడు. నాకు తట్టని ప్రశ్న. కార్డు గీకితే కంపెనీ మొత్తం మీద ఫీజు కోస్తుంది, పన్నుతో సహా. నెలకి లక్ష డాలర్ల అమ్మకం అనుకుందాం, పన్ను 30,000. ఫీజు రెండున్నర శాతం వేసుకున్నా పన్ను వాటా మీదే 750 డాలర్లు ఆయన జేబులోంచి పోతాయి. పన్ను వసూలు చేసిపెట్టినందుకు బిల్లు ఆయనకిచ్చేది నెలకి 200 డాలర్లు లేదా కట్టిన దాంట్లో పావు శాతం, ఏది ఎక్కువైతే అది. 30,000లో పావు శాతం 75, కాబట్టి 200. ప్రభుత్వానికి పన్ను వసూలు చేసిపెట్టి నెలకి 550 చేతి నుంచి వదిలించుకోవాలి. ఇక రిజిస్టరు మీద "క్యాష్ అయితే డిస్కౌంట్" అన్న అట్టముక్క ఎంత పెద్ద అక్షరాలతో వేలాడుతుందో చెప్పక్కర్లేదు. క్యాష్ వచ్చాక "బిల్లు రాయమంటారా" ఎంత దూరం?

మరి ఏం చేయమంటావు అంటే, వినియోగం మీద పన్ను నాకు ఇష్టమే. జీతం మీద కన్నా ఖర్చు మీద వేస్తే దాచుకునేవాడికి మేలు, హైదరాబాద్ ఫ్లాటు అద్దెకి ఫారం 1116, మ్యూచువల్ ఫండ్లకి ఫారం 8621 నింపే నరకం నాకూ తప్పుతుంది. 8621 చేసినవాళ్లకి తెలుసు ఆ బాధ, ఒక్కో ఫండ్‌కీ ఒక్కో ఫారం. వేసేదేదో గొలుసు పద్ధతిలో, తక్కువ రేటుతో మొదలుపెట్టండి, ఇన్‌కం టాక్స్‌ని కాస్త తగ్గించి పక్కనే ఉంచండి. ఇది అమెరికాలో ఎవరికీ రుచించదు. వ్యాట్ అంటే ప్రభుత్వానికి డబ్బులు తోడుకునే యంత్రం ఇచ్చినట్టేనని కుడివాళ్ల భయం, పేదల మీద భారమని ఎడమవాళ్ల భయం. ఫెయిర్ టాక్స్ రాసినవాళ్లకి కూడా రెండు పన్నులూ మిగిలిపోతాయన్న భయముంది. అందుకే ఇన్‌కం టాక్స్‌కి అధికారమిచ్చిన 1913 నాటి పదహారో సవరణని ఏడేళ్లలో రద్దు చేయకపోతే ఈ సేల్స్ టాక్సే ఆగిపోతుందని బిల్లులో రాసుకున్నారు. ఆ రద్దుకి 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. కొట్లన్నీ కొత్త యంత్రాలు, కొత్త లెక్కలు పెట్టుకుని, ఆఖరికి 38 రాకపోతే ఆ శ్రమంతా వృథా.

చివరగా, ఫోన్లో అందరూ సంబరపడే ఇంకో మాట: "ఐఆర్ఎస్ పోతే ఎఫ్‌బార్ కూడా పోతుందిగా అక్కా?" పోదు. ఎఫ్‌బార్ అంటే విదేశాల్లో ఉన్న ఖాతాల రిపోర్టు, అది ఇన్‌కం టాక్స్ చట్టం కింద లేదు, 1970 నాటి బ్యాంక్ సీక్రసీ చట్టం కింద ఉంది, వెళ్లేది ట్రెజరీలోని ఫిన్‌సెన్ అనే విభాగానికి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వేయాల్సిందే, ఏ పన్ను ఉన్నా లేకపోయినా. కాబట్టి ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ, అమ్మతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా, మర్చిపోయిన ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్, అన్నిటి గరిష్ఠ బ్యాలెన్సులూ మార్చి లోపు నాకు పంపండి. వాట్సాప్‌లో ఫొటోలు వద్దు, పీడీఎఫ్ పంపండి.